ముందు రబ్బరు కప్ప, ఆఖరున రీలు

పోయిన బుధవారం షాపు మూసే వేళకు ఒక పిల్లోడు వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం అట. చంకలో అట్టపెట్టె. "అన్నా, మీరు కొరమీన్లు పడతారంట కదా, దీనికి ఏ గాలం రాడ్డు సరిపోతుందో చెప్పండి" అని పెట్టె నా బల్ల మీద తెరిచాడు. లోపల బెయిట్‌కాస్టింగ్ రీలు, అంటే గాలం దారం చుట్టుకునే చక్రం. నల్లగా, నున్నగా, చూడముచ్చటగా ఉంది. 6,800 రూపాయలు పెట్టానన్నాడు. నాలుగు నెలలు దాచుకున్న డబ్బట.

"లూర్లు ఏం కొన్నావు?" అన్నా. లూరంటే చేపను మోసం చేసే బొమ్మ ఎర.

"రీలుతో పాటు రెండు ఫ్రీ ఇచ్చినారన్నా."

"లైను? గాలం దారం?"

"అదీ దీంతోనే వచ్చింది."

ఆ మాటకు నాకు గుండెలో కలుక్కుమంది. 2017లో నేనూ అచ్చం ఇదే వరసలో కొన్నాను. ముందు రీలు, తర్వాత రాడ్డు, మిగిలిన చిల్లరతో లైను, లూర్లు. ఆ వరస తప్పని నాకు మనుషులెవరూ చెప్పలేదు. ఒక చేప చెప్పింది. ఆ సంగతి కిందికి వస్తుంది.

ఆ పిల్లోడికి నిలబెట్టి ముప్పావు గంట చెప్పాను. ఇంటికి పోయాక కూడా మనసు అక్కడే ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నా. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: సామాను చేప వైపు నుంచి కొనుక్కుంటూ రావాలి. చేప నోటికి తగిలేది లూరు. దాని వెనక లైను. లైను వెనక రాడ్డు. రీలు మన చేతిలో ఉంటుంది, చేపకు అన్నిటికంటే దూరంగా. మన డబ్బూ మన శ్రద్ధా ఆ వరసలోనే పోవాలి.

మాది కర్నూలు పాతబస్తీ. మోటార్లకు వైండింగ్ చేస్తాను. బోరు మోటార్లు, పిండిమర మోటార్లు, కూలర్లు, ఏది కాలితే అది. పని మా నాయన నేర్పింది. గాలం కూడా ఆయన నేర్పిందే. ఆదివారం హంద్రీ ఒడ్డుకు పోయేవాళ్లం. ఆయన సామాను నాలుగే వస్తువులు: వెదురు కర్ర, తంగూసు దారం, జొన్నదంటుతో చేసిన బెండు, పాత డబ్బాలో ఎర్రలు, అంటే వానపాములు. జిలేబీ చేపలు పడేవి, అదృష్టం బాగుంటే జెల్ల. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు షాపులో అటక దాకా నీళ్లు నిలిచాయి. మోటార్లన్నీ కడిగి, ఆరబెట్టి, నెలల తరబడి మళ్ళీ చుట్టుకుంటూ కూర్చున్నాం. అటక మీద పెట్టిన వెదురు కర్ర మాత్రం వరదతో పోయింది. నాయన ఇంకో కర్ర కోసుకోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో గాలం మాటే లేదు.

మళ్ళీ మొదలుపెట్టింది ఫోన్లో వీడియోలు చూసి. ఒక రాత్రి నిద్ర పట్టక చూస్తుంటే, అమెరికాలో ఎవరో ఒకాయన తామరాకుల మీద రబ్బరు కప్పను గెంతిస్తున్నాడు. ఆకులు చీల్చుకుని ఒక చేప లేచి దాన్ని మింగింది. లార్జ్‌మౌత్ బాస్ అట ఆ చేప. నాకు మాత్రం ఆ చేప కంటే ఆ నీళ్లే కళ్లల్లో నిలిచిపోయాయి. ఆకులు, తుంగ, ఎండిన కొమ్మలు, కదలని పచ్చటి నీళ్లు. అచ్చం మా వైపు చెరువుల్లాగే ఉంది. అట్లాంటి చోట మన దగ్గర ఏ చేప ఉంటుందో కర్నూలు జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. కొరమీను.

బాస్ మన చేప కాదు. పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి నుంచి జపాను లాంటి దేశాలకు తీసుకుపోయారు. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ రికార్డు 77 ఏళ్లు నిలిచింది. 2009 జులైలో జపానులోని బివా సరస్సులో మనాబు కురిటా దాదాపు అంతే బరువున్న చేపను పట్టి దానికి సమానం చేశాడు. పది కిలోలకు కొంచెం పైన. బాస్ కోసం వందేళ్లకు పైగా ఆ దేశాలవాళ్లు తయారుచేసుకున్న సామానే ఈ రోజు మనం ఇంటర్నెట్లో తెప్పించుకుంటున్నది. ఫిన్లాండులో లౌరి రపాలా 1936లో బెరడు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగిటివ్‌లు కరిగించి పూత పూసి మొదటి చేపబొమ్మ చేశాడు. అది బాస్ కోసం చేసింది కాదు. తర్వాత బాస్ పట్టేవాళ్లు కూడా దాన్ని సొంతం చేసుకున్నారు. ఏ వస్తువూ ఒక చేప కోసమే అని రాసిపెట్టి ఉండదు. ఆ చేప ఎక్కడ దాక్కుంటుంది, ఎట్లా తింటుంది అన్నదే చూడాలి. ఆ రెండిట్లో బాస్, కొరమీను చుట్టాల్లాంటివి. రెండూ చెత్తలో నక్కి, పైనుంచి పోయేదాన్ని ఒక్క ఉదుటున అందుకుంటాయి.

తేడాలూ ఉన్నాయి. వీడియోల్లో బాస్‌ను బొటనవేలు నోట్లో పెట్టి కింది పెదవి పట్టుకుని లేపుతారు. దాని పళ్లు గరుకు కాగితంలా సన్నగా ఉంటాయి కాబట్టి నడుస్తుంది. కొరమీనుతో ఆ పని చేయొద్దు. దానికి నిజమైన పళ్లు ఉన్నాయి, వేలు చీరుకుపోతుంది. ఇంకొకటి, కొరమీను నీళ్లలోనే ఉన్నా పైకొచ్చి గాలి మింగాల్సిందే. లేకపోతే బతకదు. ఒడ్డున మాట్లాడకుండా పావుగంట కూర్చుంటే ఆకుల మధ్య ఎక్కడో "గ్లప్" అని ఒక బుడగ చప్పుడు వినపడుతుంది. నేను మొదటి లూరు వేసేది ఆ చప్పుడు విన్నాకే.

ఇక కప్ప సంగతి.

లోపల బోలుగా ఉండే మెత్తటి రబ్బరు కప్ప. పొట్ట కింది నుంచి రెండు గాలాలు బయటికొచ్చి వీపుకు ఆనుకుని ఉంటాయి. మొనలు పైకి చూస్తూ రబ్బరు చాటున దాగి ఉంటాయి కాబట్టి తుంగ మీద లాగినా, తామరాకు మీద లాగినా చిక్కుకోవు. చేప నోట్లో నొక్కితే రబ్బరు అణిగిపోయి మొనలు బయటపడతాయి. మొత్తం కిటుకు ఆ అణగడంలోనే ఉంది. అందుకే కప్పను కొనేముందు వేళ్లతో నొక్కి చూడాలి. పండిన నేరేడుపండు నొక్కినంత సులువుగా అణగాలి. చవగ్గా దొరికే కొన్ని కప్పలు సైకిల్ ట్యూబులా గట్టిగా ఉంటాయి. చేప కొడుతుంది, నీళ్లు ఎగజిమ్ముతాయి, మన గుండె నోట్లోకి వస్తుంది, కప్ప మాత్రం ఖాళీగా తిరిగొస్తుంది. మొదటి ఏడాది నాకు పది దెబ్బలకు ఒకటి పడేది. తప్పు నా చెయ్యిదే అనుకున్నా. కప్ప మార్చాక తెలిసింది.

కొత్త కప్పకు ఇంటి దగ్గర మూడు పనులు చేస్తాను. సన్న కటింగ్ ప్లయర్‌తో రెండు గాలాలను వెంట్రుకవాసి బయటికి వంచుతాను. గాలం కాడ రబ్బరులోకి దూరే రంధ్రం దగ్గర ఒక చుక్క గమ్ము వేస్తాను. అక్కడి నుంచే నీళ్లు దూరి కప్ప మునిగిపోతుంది. అంత చేసినా దూరుతాయి, అందుకని నాలుగైదు సార్లు విసిరాక ఒకసారి పిండాలి. మూడోది, వెనకాల వేలాడే రబ్బరు కుచ్చుల్లో ఒక కాలు పొడుగ్గా ఉంచి రెండోది అంగుళం కత్తిరిస్తాను. అప్పుడు రాడ్డు కొనను చిన్నగా ఆడిస్తే కప్ప తిన్నగా రాదు, కుడికీ ఎడమకీ తల తిప్పుతూ నడుస్తుంది. ఒకే చోట ఎక్కువసేపు ఆడించవచ్చు.

రంగుల గురించి ఎక్కువమంది అడుగుతారు. నా దగ్గర రెండే ఉన్నాయి, నలుపు, తెల్లపొట్ట. చేప కింద నుంచి చూస్తుంది. కప్ప వీపు మీద ఎన్ని చుక్కలు వేసినా అవి కనపడేది మనకే. దానికి కనపడేది పొట్ట, ఆకాశం వెలుగులో ఆ ఆకారం. తెల్లవారుజామున, మబ్బు రోజుల్లో, నాచు దట్టంగా ఉన్నచోట నలుపు. ఎండ బాగా వచ్చాక తెల్లపొట్ట. అంతకు మించి రంగుల మీద నేను రూపాయి పెట్టను.

కప్పను విసిరేది చేప ఉన్నచోటికి కాదు. దాని అవతలికి రెండు మీటర్లు దాటించి, ఆకుల మీది నుంచి నడిపించుకుంటూ తేవాలి. ఆకుల మధ్య నీటి కన్ను కనపడిన చోట ఆపాలి. ఐదు లెక్కపెట్టేదాకా కదపకూడదు. ఎక్కువ దెబ్బలు ఆ ఆగిన క్షణంలోనే పడతాయి. దెబ్బ పడగానే గుంజొద్దు. రాడ్డు కొన చేప వైపు వంచి, వదులు చుట్టుకుని, బరువు చేతికి తెలిశాక అప్పుడు గట్టిగా లేపాలి. కొట్టి తప్పిపోతే వెంటనే మళ్ళీ అక్కడికే వెయ్యాలి. కొరమీను పౌరుషం గల చేప, రెండోసారి ఇంకా గట్టిగా కొడుతుంది.

మిగతా లూర్లు కొంచెంలో చెప్తాను. చెత్త లేని నీళ్లలో, అంటే కర్నూలు-కడప (కేసీ) కాలువ ఆపినప్పుడు మడుగుల్లో నిలిచిన నీళ్లలాంటి చోట, స్పిన్నర్‌బెయిట్ బాగా పనిచేస్తుంది. రేకు గిర్రున తిరిగే అదురు చేపకు మసక నీళ్లలో కూడా తెలుస్తుంది. చిన్న రేకు స్పిన్నర్‌కు ఒక్కోసారి జిలేబీలు కూడా పడతాయి, పిల్లలకు నేర్పడానికి అది మంచిది. నీళ్ల లోతుకు దిగే క్రాంక్‌బెయిట్లు, మూడు ముళ్ల గాలాలతో ఉండేవి, మా చెరువుల్లో వేస్తే మొదటి విసురుకే తుమ్మకంపకు సమర్పించుకున్నట్టే. అందుకని కొత్తవాళ్లకు వద్దంటాను. రెండు మంచి కప్పలు, ఒక స్పిన్నర్‌బెయిట్, రెండు చిన్న రేకు స్పిన్నర్లు. మొదటి ఏడాదికి ఇవి చాలు.

ఇప్పుడు లైను. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

2018 జూన్ మొదటి ఆదివారం. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక చెరువు. అక్కడ మత్స్యకారుల సంఘంలో మా నాయన స్నేహితుడు ఉన్నాడు, చిన్నాయన అని పిలుస్తాను. ఆయనను అడగకుండా ఆ చెరువులో గాలం వెయ్యను. చెరువు సంఘం వాళ్లది, పిల్ల చేపలు వదిలేది వాళ్లు, కాపలా కాసేది వాళ్లు. ఎవరు ఏ చెరువుకు పోయినా ముందు అడిగి పోవాలి.

ఆ రోజు నా దగ్గర 6,000 రూపాయల రీలు, దానికి తగ్గ రాడ్డు ఉన్నాయి. లైను మాత్రం రీలుతో ఉచితంగా వచ్చిన ప్లాస్టిక్ తంగూసు. కొన్న చోట అడిగితే "లైను ఏదైనా ఒకటే, రీలు ముఖ్యం" అన్నారు. డబ్బా మీద 20 పౌండ్లు అని ఉంది, అంటే తొమ్మిది కిలోలు. చాలులే అనుకున్నా. తెల్లవారి ఆరున్నరకు తుంగ అంచున పసుపుపచ్చ కప్ప ఆపి ఉంచాను. నీళ్లు బాంబు పేలినట్టు లేచాయి. అంత పెద్ద కొరమీను నా గాలానికి అంతకుముందు లేదు, ఇప్పటికీ లేదు. రెండుసార్లు ఒళ్లు చూపించింది, నా మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉన్న పొడవు కంటే ఎక్కువే. మూడోసారి తుంగలోకి తల పెట్టింది. టప్. అంతే. రాడ్డు తేలికైపోయింది.

లైను చుట్టుకుని చూస్తే తెగింది ముడి దగ్గర కాదు. ముడికి జానెడు పైన. అక్కడ తంగూసు తెల్లగా గీసుకుపోయి ఉంది. ముందు రోజు గట్టు రాళ్లకు తగిలిన గీత. నేను రోజూ చేసే పని ఏమిటి? ఎనామెల్ రాగి తీగ చుట్టడం. తీగ మీద గోరంత గీత ఉంటే కాయిలు మొత్తం షార్టవుతుందని, చుట్టేముందు వేళ్ల మధ్య జారనిచ్చి చూడాలని నాకు పన్నెండేళ్లప్పుడే నాయన చెయ్యి పట్టి నేర్పాడు. ఆ వేళ్లు పెట్టుకుని లైనును ఒక్కసారి కూడా తడిమి చూడలేదు.

నేను అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఒక గంట తర్వాత తుంగ పక్కన ఆ చేప గాలి కోసం పైకి వచ్చింది. పెదవి పక్కన పసుపు కప్ప వేలాడుతోంది. గాలి మింగి కిందికి పోయింది. మళ్ళీ కాసేపటికి వచ్చింది, కప్ప అట్లనే ఉంది. మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. దాని నోట్లో నా గాలం రెండు ముళ్లతో ఉంది, నేను ఏమీ చేయలేను. చేపను పట్టుకుని తినడంలో నాకు తప్పు కనపడదు. అట్లా వదిలేయడం మాత్రం తప్పే.

పన్నెండు రోజుల తర్వాత చిన్నాయన ఫోన్ చేశాడు. "అబ్బయ్యా, నీ కప్ప దొరికింది, వచ్చి తీసుకపో" అన్నాడు. చేప సంఘం వలలో పడిందట. చిక్కిపోయి ఉందట. నోటి పక్కన పుండు పడిందట. ఆయన కప్పను కడిగి, పేపర్లో చుట్టి, జాగ్రత్తగా దాచి ఇచ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ కప్ప ఇప్పుడు నా షాపులో వైండింగ్ మిషను పైన మేకుకు వేలాడుతోంది. గాలాలు తుప్పు పట్టాయి. తీసెయ్యలేదు.

ఆ తర్వాత లైను గురించి నేను నేర్చుకున్నదంతా ఆ గీత నుంచే మొదలైంది.

లైను మూడు రకాలు. మామూలు తంగూసు సాగుతుంది. ఇరవై మీటర్ల దూరంలో చేప పట్టినప్పుడు మనం గుంజిన గుంజుడులో చాలా భాగం ఆ సాగుడులోనే పోతుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో కనపడీ కనపడకుండా ఉంటుంది, కానీ మునుగుతుంది. తేలే కప్పకు కడితే ముక్కు కిందికి లాగుతుంది. మూడోది బ్రెయిడ్, సన్న పోగులు జడలా అల్లిన దారం. సాగదు, తేలుతుంది, అంతే బలమున్న తంగూసు కంటే చాలా సన్నం. తుంగను, తామర కాడలను కోసుకుంటూ వస్తుంది. కప్పకు బ్రెయిడ్ తప్ప వేరేది వద్దు. 40 పౌండ్లది, అంటే 18 కిలోలకు కొంచెం పైన. రెండు కిలోల చేపకు అంత ఎందుకని అడుగుతారు. మనం లాగేది చేపను ఒక్కదాన్నే కాదు, దాంతో పాటు నాలుగు కిలోల తుంగను, నాచును.

బ్రెయిడ్‌కు ఒక బలహీనత ఉంది, రాయి. రాయి అంచుకు ఒరుసుకుంటే పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. మా వైపు చెరువు గట్లకు రాళ్లు పేర్చి ఉంటాయి, వాగుల్లో నాపరాళ్ల అంచులు కత్తుల్లా ఉంటాయి. అట్లాంటి చోట చివర ఒక మీటరు మందపాటి ఫ్లోరోకార్బన్ ముక్క కట్టుకోవాలి. తుంగలో, ఆకుల్లో అయితే బ్రెయిడ్ నేరుగా కప్పకే.

డబ్బా మీద కొన్నిటికి పౌండ్లు, కొన్నిటికి పీఈ నంబరు ఉంటుంది. పీఈ జపాను వాళ్ల మందం లెక్క. మా రాగి తీగకు గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. పీఈ దీనికి ఉల్టా, నంబరు పెరిగేకొద్దీ లావు. మొదట్లో నేను ఆ అలవాటు కొద్దీ తికమకపడి తప్పు దారం తెప్పించుకున్నాను. మోటారు పని చేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

చుట్టడం కూడా పనే. బ్రెయిడ్ నున్నగా ఉంటుంది, రీల్లో దారం చుట్టే స్పూలుకు నేరుగా కడితే దారమంతా ఒక కట్టలా స్పూలు మీద జారుతుంది. చేప లాగుతుంటే మనం ఊరికే తిప్పుతూ ఉంటాం. ముందు పది చుట్లు మామూలు తంగూసు వేసి, దానికి బ్రెయిడ్ ముడేస్తే జారదు. తర్వాత బిగువు. వదులుగా చుట్టిన బ్రెయిడ్, గట్టిగా గుంజినప్పుడు పై పొర కింది పొరల్లోకి దిగబడిపోతుంది, తర్వాతి విసురు మధ్యలో ఆగిపోతుంది. వదులు కాయిలు మోటారులో ఎట్లా అదురుతుందో, వదులు లైను రీల్లో అట్లా మోసం చేస్తుంది. నేను తడి గుడ్డ మధ్యలోంచి దారాన్ని నొక్కిపట్టి చుట్టిస్తాను. మా పాప రీలు తిప్పుతుంది, నేను గుడ్డ పట్టుకుంటాను.

ముడి పాలోమార్ ఒక్కటి నేర్చుకుంటే చాలు. దారాన్ని జోడించి మడత చేసి, ఆ మడతను కప్ప ముక్కు రింగులోంచి దూర్చాలి. జోడు దారంతోనే వదులుగా ఒక మామూలు ముడి వెయ్యాలి. మిగిలిన మడత ఉచ్చులోంచి కప్పను మొత్తంగా దాటించాలి. ముడిని నోటి ఎంగిలితో తడిపి, నెమ్మదిగా లాగి బిగించాలి. ఎంగిలి తప్పనిసరి. పొడి దారం బిగుసుకునేటప్పుడు రాపిడికి వేడెక్కి అక్కడే బలం పోతుంది. బిగిశాక చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన పడ్డాయేమో కంటితో చూడాలి. ఎక్కితే కోసి మళ్ళీ. ఆ రెండు నిమిషాలకు బద్ధకించొద్దు. ప్రతి చేప తర్వాత, ప్రతి చిక్కు తర్వాత చివరి రెండు మీటర్లు బొటనవేలి గోరుకూ చూపుడువేలికీ మధ్య జారనివ్వాలి. గరుకు తగిలితే అక్కడికి కోసెయ్యాలి. 40 మీటర్ల లైనులో రెండు మీటర్లు పోతే ఏమీ కాదు.

ఇంకొకటి. గాలానికి ఉండే ఎదురు ముల్లును నేను ప్లయర్‌తో నొక్కేస్తాను. లైను బిగువుగా ఉంచితే చేప పోదు. ఒకవేళ లైను తెగినా, చేప తల విదిలించుకుని దాన్ని వదిలించుకునే వీలు ఉంటుంది.

రాడ్డుకు రెండు మాటలు తెలిస్తే చాలు. పవర్ అంటే ఎంత బరువు మోస్తుంది, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుంది. కప్పకు మీడియం హెవీ లేక హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్. కొన మాత్రమే ఆడుతుంది, నడుము గట్టిగా నిలబడుతుంది. కొన మెత్తగా లేకపోతే పది పన్నెండు గ్రాముల కప్ప దూరం పోదు, నడుము గట్టిగా లేకపోతే తుంగలోంచి చేప రాదు. పొడవు ఏడడుగులు. మా దగ్గర తుమ్మచెట్ల కిందే నిలబడాలి కాబట్టి ఆరున్నర అడుగులున్నా తప్పు లేదు. కార్బన్ రాడ్డు తేలిక, చేతికి చిన్న కదలిక కూడా తెలుస్తుంది, కానీ బండి మీద నుంచి పడితే విరుగుతుంది. బైకు మీద కట్టుకుని పోయేవాళ్లు ఒక పీవీసీ పైపు ముక్కలో పెట్టుకోండి, చవక. కొనేటప్పుడు చిటికెడు దూదిని ప్రతి రింగులోంచీ లాగండి. రింగు లోపలి పింగాణీకి వెంట్రుకవాసి పగులున్నా దూది పోగు అక్కడ చిక్కుకుంటుంది. ఆ పగులు మీ బ్రెయిడ్‌ను ప్రతి విసురుకూ కోస్తుంది.

ఆఖరున రీలు. ఆఖరున పెట్టానని తక్కువ చేస్తున్నట్టు కాదు, నాకు రీలంటే ప్రాణం. దాన్ని విప్పి కడిగి నూనె వేసే రోజు నాకు పండగ. బెయిట్‌కాస్టింగ్ రీల్లో స్పూలే గిర్రున తిరుగుతూ దారాన్ని వదులుతుంది. కప్ప గాలిలో నెమ్మదిస్తుంది, స్పూలు మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది, వదిలిన దారానికి పోయే చోటు లేక లోపలే గూడు కట్టుకుంటుంది. అదే బ్యాక్‌లాష్. దాన్ని ఆపడానికి చాలా రీళ్లలో పక్క మూతకు అయస్కాంతాలు ఉంటాయి. అయస్కాంతాలు స్పూలును తాకవు. అల్యూమినియం స్పూలేమో అయస్కాంతానికి అతుక్కునే లోహం కాదు. మరి ఎట్లా ఆపుతుంది? ఇంట్లో పాత కరెంటు మీటరు గుర్తు తెచ్చుకోండి. అద్దం వెనక ఒక అల్యూమినియం చక్రం తిరుగుతూ ఉండేది, దాని అంచును ఒక అయస్కాంతం కరిచిపట్టినట్టు ఉండేది. లోహం అయస్కాంతం ముందు కదిలితే దాంట్లో సుడి కరెంటు పుడుతుంది, ఆ కరెంటే కదలికకు అడ్డం నిలబడుతుంది. ఎంత వేగంగా తిరిగితే అంత గట్టిగా. కరెంటు మీటరులో పనిచేసే బ్రేకే ఈ రీల్లో ఉందని మొదటిసారి విప్పి చూసిన రోజు నాకు ఒళ్లు పులకరించింది.

కొత్తలో ఆ బ్రేకును పూర్తిగా పెంచి పెట్టుకోండి. పక్కనుండే చిన్న బిగింపు మరను, కప్పను వేలాడదీసి బటన్ నొక్కితే అది మెల్లగా దిగి, నేలను తాకగానే స్పూలు ఆగేటట్టు సర్దుకోండి. బొటనవేలు స్పూలు మీద ఎప్పుడూ ఆనీ ఆననట్టు ఉండాలి. చెయ్యి కుదిరేకొద్దీ బ్రేకు తగ్గించుకుంటూ రావచ్చు. గేరు 7:1 దగ్గర, అంటే పిడి ఒక చుట్టు తిప్పితే స్పూలు ఏడు చుట్లు తిరిగేటట్టు ఉంటే దెబ్బ పడ్డాక వదులును త్వరగా చుట్టుకోవచ్చు. చేప ఎంత బలంగా లాగితే దారం జారాలో సర్దే బిగింపును డ్రాగ్ అంటారు. డ్రాగ్‌ను వేళ్లతో కాదు, స్ప్రింగు కాటాకు కట్టి లాగి చూడండి. తుంగలో అయితే నేను ఆరు కిలోల దగ్గర పెడతాను, అక్కడ చేపకు ఒక మీటరు ఇచ్చినా అది చెత్తలో చుట్టుకుపోతుంది. ఇవన్నీ మధ్యరకం ధర రీలు కూడా చక్కగా చేస్తుంది.

వానలు మొదలయ్యాక ఒక సంగతి మరవొద్దు. నీళ్ల మీద ఎర్రగా, కుంకుమ చల్లినట్టు, బుడబుడమంటూ కదిలే పిల్లల గుంపు కనపడుతుంది. అవి కొరమీను పిల్లలు. కిందనే పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ గుంపు మీద కప్ప వేస్తే అది తప్పకుండా కొడుతుంది, ఆకలికి కాదు, పిల్లల కోసం. దాన్ని తీసేస్తే ఆ గుంపు మొత్తం ఆ రోజే మిగతా చేపల పాలవుతుంది. నేను అక్కడ వెయ్యను. మీరూ వెయ్యొద్దని చేతులు జోడించి అడుగుతున్నా.

ఇదంతా బుధవారం ఆ పిల్లోడికి చెప్తుంటే, వాడు పైకి చూసి "అన్నా, ఆ కప్ప ఎందుకు అట్లా వేలాడదీసినారు?" అన్నాడు. మేకు నుంచి తీసి అరచేతిలో పెట్టాను, కథ చెప్పాను. వాడు చాలాసేపు దాన్ని తిప్పి చూశాడు. తర్వాత రీలును తనే పెట్టెలో సర్దుకున్నాడు.

నా డబ్బాలోంచి ఒక నల్ల కప్ప, ఒక ఆరు మీటర్ల 40 పౌండ్ల బ్రెయిడ్ ఇచ్చాను. పాలోమార్ ముడి నాలుగుసార్లు వేయించాను, నాలుగోది బాగా కుదిరింది. బజారులో పది అడుగుల వెదురు కర్ర కొనుక్కుని, కొసకు గట్టిగా కట్టుకుని, ఆదివారం చిన్నాయన చెరువుకు పొమ్మన్నాను. కర్రతో ఆకుల కన్నుల్లో కప్పను ఆడించడమే పని. రీలు లేదు, రాడ్డు లేదు. చిన్నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "పంపియ్యప్పా, నేను చూసుకుంటా" అన్నాడు.

ఈ రోజే ఆ ఆదివారం. ఇది రాస్తుండగా ఏడుంబావుకు మెసేజ్ వచ్చింది.

"అన్నా, ఒకటి కొట్టింది. పడలేదు. లైను గోరుతో చూసినా, బాగుంది. అక్కడే మళ్ళీ వేస్తున్నా."